ఇద్దరు గువ్వలకీ ఒకే మచ్చ

కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. లోకంలో ఏ ముఖమూ రెండువైపులా ఒకేలా ఉండదు. ఒక చెవి కాస్త పైకుంటే ఇంకో చెవి కాస్త కిందికుంటుంది. ముక్కు నడిమధ్యన ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఎటో ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. అద్దం ముందు గంటల తరబడి మురిసిపోయే అందగాళ్లను కూడా కుర్చీలో కూర్చోబెట్టి ఫ్రేము పెడితే చాలు, జోడు ఒక పక్కకు జారి వాళ్ల బండారం బయటపెడుతుంది. అప్పుడు కాడను కాస్త వెచ్చబెట్టి, ఇంత వంచి, చెవి వెనక సర్దితే గానీ అది నిలవదు.

మనం చెప్పుకుంటున్న మనిషి పని అదే. వచ్చినవాళ్ల ముఖాలకు జోళ్లు సర్దడం. వయసు ముప్పై దాటి నాలుగేళ్లయింది, ఆరేళ్ల కూతురుంది, భర్త రైల్లో గార్డు, ఇంట్లో కంటే బండిలోనే ఎక్కువుంటాడు. ఇంత సంసారం వచ్చినా ఇంట్లో ఆమెను చిన్నది అనే అంటారు. ఆమెకంటే కాసేపు ముందు పుట్టిన అక్క ఉంది మరి. ఆ అక్క పెద్దది. ఇద్దరూ కవలలు, ఒక అచ్చులో పోసినట్టుంటారు.

రోజూ అన్ని ముఖాలను జానెడు దూరం నుంచి చూసే మనిషి, తన ముఖం గురించి మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. ఆమె ఎడమ కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. కనుబొమ్మను రెండు ముక్కలు చేస్తూ ఏటవాలుగా దిగుతుంది. అక్కకీ అక్కడే, అంతే పొడుగు, అదే వాలు. ఒక్క ముఖంలోనే రెండు కనుబొమ్మలు ఒకేలా ఉండని లోకంలో ఇద్దరు మనుషులకు ఒకే మచ్చ ఎలా వచ్చిందని ఆమెకు తట్టలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా.

తట్టకపోవడానికి కారణం గువ్వ. ఆ గువ్వ సంగతి ముందు చెప్పాలి.

ఒకప్పుడు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. అందులో తల్లిలేని పిల్ల పేరు గువ్వ. ఆ పిల్ల నవ్వితే ఇళ్లలో నవ్వేవాళ్లు, ఏడిస్తే వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసేవాళ్లు కాదు. ఆ గువ్వ మన చిన్నదే. ఆమె అక్కా గువ్వే. చిన్నపిల్లలతో రోజుకు ఇంతసేపే పని చేయించాలని రూలుంది. ఒక పిల్లయితే పని సగంలో ఆగిపోతుందని కంపెనీవాళ్లు కవలలను వెతికి తెచ్చుకున్నారు. పొద్దున ఒకతి, మధ్యాహ్నం ఒకతి. తెర మీద మాత్రం ఒకే పిల్ల.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఇద్దరున్నారన్న సంగతి బయటికి పొక్కకూడదన్నాడు డైరెక్టరు. పొక్కితే చూసేవాళ్లకు గువ్వ మీద నమ్మకం పోతుందట. అందుకని ఎవరికీ తెలియని పేటలో రెండో అంతస్తులో ఒక ఇల్లు చూసి వీళ్లను దించారు. ఇక ఆ రోజు నుంచీ ఇద్దరూ కలిసి గడప దాటింది లేదు. ఒకతి బయటికెళ్తే ఇంకొకతి కర్టెన్లు దించిన గదిలో చప్పుడు చేయకుండా కూర్చోవాలి. పార్కుకు వెళ్లినా ఒక్కతే, పక్కింటి పిల్ల పుట్టినరోజుకు వెళ్లినా ఒక్కతే. వచ్చి రెండోదానికి చెప్పేది, ఉయ్యాల ఎంత ఎత్తుకు పోయిందో, కేకు మీద ఏ రంగు పువ్వుందో. రెండోది అది విని, తనే వెళ్లొచ్చినట్టు గుర్తుపెట్టుకునేది. ఎందుకంటే మర్నాడు పక్కింటి పిల్ల ఎదురైతే జవాబు చెప్పాలి కదా. వినడానికి తమాషాగా ఉంటుంది. ఆరేళ్ల పిల్లలతో ఆ తమాషా ఆడించినవాళ్లను నిలబెట్టి అడగాలనిపిస్తుంది.

వాళ్లమ్మ ఈ పనిలో ఆరితేరింది. ఒకతి కాస్త ఒళ్లు చేస్తే ఇంకొకతికి ఇంకో రెండు ముద్దలు పెట్టేది. ఒకతికి ఎండ తగిలి రంగు తగ్గితే రెండోదాన్ని డాబా మీద కూర్చోబెట్టేది. గోళ్లు, జుట్టు, నడక, తుమ్ము కూడా ఒకేలా ఉండాలి. సెట్లో అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్లు. కన్నతల్లికే ఇద్దర్నీ గుర్తుపట్టడం కష్టమైపోయిందని ఆమె గొప్పగా చెప్పుకునేది. నాన్న ఈ ఊసుల్లో తల దూర్చేవాడు కాదు. ఆయన ఉన్నంతకాలం పేపరు చాటునే ఉన్నాడు, ఆ తర్వాత లేకుండానే పోయాడు.

సీరియల్ అయిపోయాక, గువ్వ ఒకతి కాదు ఇద్దరని ఒక వారపత్రిక బయటపెట్టింది. ఫొటోలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, ఇద్దరి కనుబొమ్మల మీదా మచ్చ. ఇదేమి వింత అని అడిగితే అమ్మ చెప్పింది, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటి మెట్లు దిగుతూ జారిపడ్డారని, ఒకే మెట్టు అంచు ఇద్దరికీ తగిలిందని. కవలలంటే అంతే మరి అని లోకం ముక్కున వేలేసుకుంది. చిన్నదానికి ఆ పడటం బాగా గుర్తు. అక్క చెయ్యి తన చేతిలో తడిగా ఉండటం గుర్తు. చిన్నతనం మొత్తంలో అక్కా తనూ కలిసి చేసిన పని అదొక్కటే కాబట్టి, దెబ్బ తగిలిన జ్ఞాపకమైనా దాన్ని ముద్దుగా దాచుకుంది. ఎప్పుడైనా దిగులేస్తే మచ్చ మీద వేలితో రాసుకునేది.

గువ్వ పోయాక మిగిలింది ఇద్దరు మామూలు ఆడపిల్లలు. నటన ఎవరికీ అబ్బలేదు. చిన్నపిల్లగా ముద్దొచ్చిందంతా పెద్దయ్యాక ముద్దు రాదు, అది ఎవరి తప్పూ కాదు. పెద్దది ఇంకో ఊళ్లో బేకరీలో పనికి కుదిరింది. చెల్లెలితో మాట్లాడితే పొడిపొడిగా రెండు ముక్కలు, అంతే. చిన్నది మాత్రం ఇక్కడే ఉండి, అమ్మను తన దగ్గరే పెట్టుకుంది. దుకాణానికి వచ్చేవాళ్లలో కాస్త వయసు మళ్లినవాళ్లు మచ్చ చూసి గుర్తుపట్టేవాళ్లు. నువ్వు గువ్వవు కదూ అని బుగ్గ గిల్లేవాళ్లు. ముప్పై నాలుగేళ్ల మనిషి బుగ్గ గిల్లుతున్నామన్న ఇంగితం కూడా ఉండేది కాదు. ఆమె నవ్వేసి, ఫ్రేము చెవి వెనక నొప్పిగా ఉందాండీ అని అడిగేది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. ఆ సీరియల్‌ని మళ్లీ కొత్తగా తీస్తున్నారు. కొత్త గువ్వ కావాలి. పాత గువ్వ కూతురే కొత్త గువ్వ అయితే బాగుంటుందని కంపెనీవాళ్లకు తోచింది. వాళ్లకు తోచకముందే అమ్మకు తోచింది. బుడ్డది, అంటే చిన్నదాని కూతురు, అమ్మమ్మ చేతుల్లోనే పెరుగుతోంది. తల్లి దుకాణానికి వెళ్లాక దానికి అన్నీ అమ్మమ్మే. అమ్మమ్మ అద్దం ముందు నిలబెట్టి డైలాగులు చెప్పిస్తుంటే పిల్ల కిలకిలా నవ్వుతూ చెప్పేది. చిన్నది మొదట వద్దంది, తర్వాత చూద్దాం అంది, ఆఖరికి సరే అంది. తనకేం నష్టం జరిగింది గనక? అందరూ ముద్దు చేశారు, అంతేగా. ఆ సాయంత్రమే సెలక్షను. తల్లి వచ్చి ఒప్పుకుంటేనే పిల్లను తీసుకుంటారు కాబట్టి, మధ్యాహ్నం సెలవు అడిగి పెట్టుకుంది.

ఆ పొద్దునే దుకాణంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. చదువుకునే జోడు కావాలన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఫ్రేము పెట్టి, కాడలు సర్దడానికి ఆమె వంగింది. ఆయన కళ్లు చికిలించి ఆమె ముఖంలోకి చూశాడు.

"గువ్వమ్మవు కదూ?"

"అవునండీ." దుకాణం నవ్వు ఒకటి నవ్వింది.

"అండీలూ గిండీలూ ఎందుకే. నన్ను గుర్తుపట్టలేదూ? పౌడరు అద్దబోతే నా వేలు కొరికేదానివి."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మేకప్ వేసే మనిషి. పిల్లలిద్దరూ ఆయన్ని రంగుల మామయ్య అని పిలిచేవాళ్లు. జేబులో ఎప్పుడూ చాక్లెట్లుండేవి, మేకప్ అయ్యాక ముక్కు కొన మీద ఒక చుక్క పెట్టి పంపేవాడు. పని పక్కన పెట్టి ఆయన చేతులు పట్టుకుంది. అక్క బాగుందన్నది, అమ్మ తన దగ్గరే ఉందన్నది, సాయంత్రం సెలక్షను సంగతి కూడా చెప్పింది. ఆయన వింటూ వింటూ కొత్త జోడు లోంచి ఆమె కనుబొమ్మ కేసి చూశాడు.

"ఏదీ, ఇటు వెలుతురులోకి తిరుగు. బాగా కలిసిపోయిందే. నిజం మచ్చకున్న అందం గీసిన మచ్చకు రాదనుకో. అయినా ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది తల్లీ. నా చేతి మీద నమ్మకం లేక మీ అమ్మ కత్తి దాకా వెళ్లింది."

ఆమె నవ్వింది. పెద్దాయన ఏదో సరదాకి అంటున్నాడనుకుంది. "కత్తేంటి మామయ్యా?"

"అదేనమ్మా. సెట్లో మీలో ఒకతి మెట్ల మీంచి పడి కనుబొమ్మ పగలగొట్టుకుంది కదా. అవి చెక్కతో చేసిన ఉత్తుత్తి మెట్లు, మేకు పైకి తేలి ఉంది. దెబ్బ దాచలేమని డైరెక్టరు కథలోనే కలిపేశాడు, గువ్వ పడిందని. మరి రెండోదానికి ఆ దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తుంది? రోజూ నేనే జిగురుతో చర్మాన్ని ముడతేసి గీసేవాణ్ణి. ఆ జిగురు దాని ఒంటికి పడలేదు. ఎర్రగా పొక్కి, కుర్చీలో కూర్చుంటే చాలు ఏడుపు. దానికితోడు చూసేవాళ్లు ఫోన్లు చేసేవాళ్లు, గువ్వ దెబ్బ నిన్నొకచోట, ఇవాళొకచోట ఉందేమిటని. మీ అమ్మ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు పిల్లను కట్టుతో తీసుకొచ్చింది. ఇక గీయక్కర్లేదన్నది. ఎవరో తెలిసిన డాక్టరు చేత కోయించేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు లేదూ? నాకు ఇంకో వారం టైమిచ్చి ఉంటే వేరే జిగురు తెప్పించేవాణ్ణి."

ఆయన గొంతులో ఉన్నది పనివాడి అలక, అంతే. ముప్పై ఏళ్ల కింద తన పనితనాన్ని తక్కువ చేశారన్న అలక. పిల్ల చర్మం కోశారన్నది ఆయనకు అందులో ఒక చిన్న సంగతి. కాడ బిగించడానికి ఆమె మళ్లీ చేతిలోకి తీసుకున్న చిన్న స్క్రూడ్రైవరు కింద పడింది. అది దొర్లుకుంటూ షోకేసు కిందికి పోయింది. తీయాలని కూడా ఆమెకు తోచలేదు.

ఆయనకు అప్పటికి అర్థమైంది. "నీకు తెలుసనుకున్నానే తల్లీ."

"ఎవరు మామయ్యా? పడింది ఎవరు? కోసింది ఎవరికి?"

ఆయన కొత్త జోడు సర్దుకుని ఆమె ముఖాన్ని మళ్లీ చూశాడు. "నాకేం తెలుసమ్మా. మీరు నాకు ఎప్పుడూ ఒక్క పిల్లే."

ఆయన వెళ్లిపోయాక ఆమె అద్దాలు అరగదీసే వెనక గదిలోకి వెళ్లింది. గోడకున్న అద్దంలో ముఖం చూసుకుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా జనం ముఖాలు చూసే కన్ను తన ముఖాన్ని మొదటిసారి చూసింది. పడి పగిలిన చర్మం పద్ధతిగా పగలదు. వంకర పోతుంది, చివర్లలో చీలుతుంది. ఈ మచ్చ స్కేలు పెట్టి గీసినట్టుంది. అయినా మనసు ఒప్పుకోలేదు. అక్క చెయ్యి తడిగా ఉండటం గుర్తుంది కదా, అది అబద్ధమెలా అవుతుంది? అక్కకు ఫోను చేసింది.

"ఏమే, ఈ టైములో చేశావు. అమ్మకేమైనా అయిందా?" బేకరీ గోల మధ్య నుంచి పెద్దది అరిచినట్టే మాట్లాడింది.

"అమ్మ బాగానే ఉంది. అక్కా, మనం మెట్ల మీంచి పడ్డప్పుడు నీ చెయ్యి నేను పట్టుకున్నాను కదా?"

అవతల గోల సన్నగిల్లింది. పెద్దది ఎక్కడికో పక్కకు వెళ్లినట్టుంది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ముందు నా మాటకు జవాబు చెప్పు."

"చిన్నా, మనిద్దరం కలిసి మెట్లెప్పుడు దిగామే? నేను దిగితే నువ్వు గదిలో, నువ్వు దిగితే నేను గదిలో. ఒక్కరోజైనా దిగామా?"

నిజమే కదా. ఎప్పుడు దిగారు? పార్కుకు కలిసి వెళ్లలేదు, స్టూడియోకు కలిసి వెళ్లలేదు, ఆ ఇంటి మెట్ల మీద రెండు జతల కాళ్లు ఒకేసారి పడలేదు. ఇంత చిన్న లెక్క ముప్పై ఏళ్లుగా ఎదురుగా ఉంటే కనపడలేదు. ఉయ్యాల ఊగొచ్చి చెబితే తనే ఊగినట్టు గుర్తుపెట్టుకోవడం నేర్చిన పిల్ల, అమ్మ చెప్పిన కథ విని తనే పడినట్టు గుర్తుపెట్టుకుంది. ఆ తడి చెయ్యి ఎవరిదీ కాదు. ఆమె లెన్సుల డబ్బాల మీద కూలబడింది.

"పడింది నేనే," అంది పెద్దది. "సెట్లో పడ్డాను. కుట్లు కూడా ఇంకా విప్పలేదు. అప్పుడే ఒక రోజు అమ్మ నిన్ను ఎక్కడికో తీసుకెళ్లింది. వచ్చేసరికి నీకూ నాలాగే కట్టు. అది చూసి నేనేం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టానే. మళ్లీ ఇద్దరం ఒకేలా అయిపోయామని గెంతులు వేశాను. నువ్వు మత్తులో తూలుతూ నన్ను చూసి నవ్వావు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నేను పడకపోతే నిన్ను కోసేవాళ్లు కాదు. నీ ముఖం చూస్తే ఆ చప్పట్లే వినపడతాయి. అందుకేగా ఇంత దూరం వచ్చి పడి ఉన్నాను." ఆ వెంటనే గొంతు తగ్గించింది. "బుడ్డదాన్ని సెలక్షనుకు తీసుకెళ్తున్నానని అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, పంపించకే. ఎవరడిగినా, ఆఖరికి అమ్మే అడిగినా సరే, పంపించకు."

అక్క తనను ఇష్టపడదని చిన్నది అనుకుంటూ వచ్చింది. అక్క పొడిపొడి మాటలకు నొచ్చుకుని తనూ పొడిగానే ఉంటూ వచ్చింది. ఇద్దరూ అలా ఎన్ని ఏళ్లు పోగొట్టుకున్నారో తలచుకుంటే ఒళ్లు మండిపోయింది. ఓనరుకు ఒంట్లో బాగోలేదని చెప్పి బయటపడింది. అబద్ధమూ కాదు.

ఇంటికి వెళ్లేసరికి ముందు గదిలో అమ్మ స్టూలు మీద బుడ్డదాన్ని కూర్చోబెట్టి జడ వేస్తోంది. ఇస్త్రీ చేసిన గౌను కుర్చీకి వేలాడుతోంది. పిల్ల తల్లిని చూసి నోరు తెరవలేదు, కళ్లతోనే నవ్వింది. రోజూ ఎదురొచ్చి మెడకు చుట్టుకునేది. చిన్నదానికి ఆ తేడా కనిపించలేదు. ఆమె చూపంతా తల్లి చేతుల మీదే ఉంది. ఎంత నైపుణ్యంగా, ఎంత మెత్తగా పాయలు అల్లుతున్నాయో ఆ చేతులు.

"అమ్మా, నాకీ మచ్చ ఎలా వచ్చింది?"

"ఇప్పుడదేం ప్రశ్నే. మెట్ల మీంచి పడ్డారు కదా ఇద్దరూ."

"అక్కతో మాట్లాడాను."

దువ్వెన ఆగింది. "బుడ్డీ, నువ్వు లోపలికెళ్లి బొమ్మతో ఆడుకో తల్లీ," అంది అమ్మ. పిల్ల సగం జడతో, మాట్లాడకుండా లోపలికి వెళ్లింది.

"రంగుల మామయ్య కూడా వచ్చాడు దుకాణానికి."

"వాడి పాడు జిగురు వల్లే కదే అదంతా," అంది అమ్మ.

కాదంటుందని, బుకాయిస్తుందని, కనీసం ఏడుస్తుందని అనుకుంది చిన్నది. దారి పొడవునా అందుకే సిద్ధపడుతూ వచ్చింది. అమ్మ గొంతు కూడా వణకలేదు.

"పుండులా అయిపోయింది నీ నుదురు. రోజూ ఆ కుర్చీలో కూర్చుని గుక్కపట్టి ఏడ్చేదానివి. ఏ తల్లి చూడగలదు? రోజూ నొప్పి కంటే ఒక్కసారి నొప్పి మేలు కాదూ? అదీ మత్తుసూది వేయించే చేయించాను. నువ్వు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఆ తర్వాత ఆ కుర్చీలో ఒక్కనాడు ఏడవలేదు కూడా."

"మాన్పించొచ్చు కదమ్మా. పని మాన్పించి ఇంటికి తీసుకొచ్చేయొచ్చు కదా."

అమ్మ ఆమె కేసి వింతగా చూసింది. మాన్పించడమన్న మాట ఆ బుర్రలో ఎన్నడూ దూరలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. కంచే చేను మేసిందని తిట్టడం తేలికే. ఈ కంచె తాను మేస్తున్నానని కూడా అనుకోలేదు, చేనుకు తెగులు పట్టకుండా కాస్తున్నాననే అనుకుంది. చిన్నదానికి భయమేసింది. కోపంగా వచ్చిన మనిషికి, ఎదురుగా ఉన్న కన్నతల్లిని చూస్తే భయమేసింది.

"నన్నొక్క మాట అడగకుండా ఎలా చేశావమ్మా?"

"అడక్కుండా ఎందుకు చేస్తానే? అడిగాను. అక్కలా అయిపోతావా అన్నాను. అయిపోతానన్నావు. చెయ్యి పట్టుకుని నువ్వే ముందు నడిచావు."

చిన్నదానికి అదేమీ గుర్తులేదు. జరగనిదంతా గుర్తుండి, జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆరేళ్ల పిల్ల ఒకతి డాక్టరు గదికి ముందుగా నడుచుకుంటూ వెళ్లింది. ఆ పిల్లను ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారు.

కుర్చీకి వేలాడుతున్న గౌను చూసి అంది. "సాయంత్రం మేం రావడం లేదు. సెలక్షనూ లేదు, ఏమీ లేదు. ఫోన్ చేసి చెప్పేయ్."

"అదేంటే. ఇంత చేశాక."

"ఏం చేశాక?"

అమ్మ గౌను అందుకుని, లేని ముడతలు సర్దింది.

"ఏం చేశావమ్మా?"

"అలా గుడ్లురుముతావేంటే. వాళ్లు ముందు రెండు పళ్లూ లేని పిల్ల కావాలన్నారు. మొదటి భాగంలో గువ్వ బోసినవ్వు నవ్వాలట. దీనికి ఒకటి ఊడింది, రెండోది ఊడలేదు. ఎలాగూ ఊడేదే కదా, ఇవాళ కాకపోతే ఇంకో ఆర్నెల్లకు. పొద్దున నువ్వెళ్లగానే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కదులుతోందని చెబితే తీసేశాడు. ఇదేం కోతా, కుట్లా?"

పొద్దున పిల్లకు పళ్లు తోమించింది చిన్నదే. వారం కింద రాయిలా ఉన్న పన్ను ఇవాళ కాస్త కదిలింది. అమ్మ కదుపుతూ కూర్చుంటే తప్ప కదిలే పన్ను కాదు. కొన్ని రోజులుగా అద్దం ముందు డైలాగులతో పాటు ఇంకేం జరుగుతూ వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"బుడ్డీ, ఇలా రా తల్లీ. అమ్మకు చూపించు," అని పిలిచింది అమ్మ, ఇంకా గౌను సర్దుతూనే.

పిల్ల వచ్చి నిలబడింది. నోట్లోంచి దూది ఉండ తీసి అరచేతిలో పట్టుకుంది. నేర్పినట్టే తల కాస్త వంచి నవ్వింది. చిగురు వాచి ఎర్రగా ఉంది.

"నేను ఏడవలేదు అమ్మా," అంది. "నువ్వు కూడా ఏడవలేదంట కదా. అమ్మమ్మ చెప్పింది."

చిన్నది మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల రెండు బుగ్గలూ అరచేతుల్లోకి తీసుకుంది. ఎంతమంది ముఖాలనో అలా పట్టుకునే చేతులు అవి.

"నొప్పిగా ఉందామ్మా?"

పిల్ల దూది ఉండను గుప్పిట్లో నొక్కింది.

"నొప్పేస్తే ఏడవొచ్చు తల్లీ. ఎవరూ ఏమీ అనరు. ఏడువు."

పిల్ల కింది పెదవి వణికింది, కళ్లు నిండాయి. అయినా ఆ నీళ్లను అక్కడే నిలబెట్టి, తల్లి భుజం మీదుగా అమ్మమ్మ వైపు చూసింది.

"ఇప్పుడు ఏడవనా అమ్మమ్మా?"

ఏదో ఆలోచనలో ఉన్న అమ్మమ్మ అలవాటుగా తల ఊపింది. అప్పుడు గానీ పిల్ల ఏడవలేదు.

చిన్నది పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది. రెండో జడ ఇంకా వెయ్యలేదే, ఆగవే అని వెనక నుంచి అమ్మ పిలుస్తూనే ఉంది.